దక్షిణం గదిలో ఫోటోల పెట్టె

పుంగనూరులో సంతకు పోయే దారిలో ఒక సందు ఉంది. ఆ సందులో ఒకే కుటుంబానివి వరసగా ఇళ్ళు. వాటి చివర, దక్షిణం కొసన, ఒక గది. దాని కిటికీ సందులోకే ఉంటుంది. చీకటి పడితే ఆ కిటికీ పక్కన ఎవరూ నడవరు. అవతలి గోడ వారగా పోతారు, మురికికాలవ తొక్కాల్సి వచ్చినా సరే.

పోయిన మంచం తిరిగి రాని గది — అదీ దానికున్న పేరు.

ఆ ఇంట్లో ఎవరికి జబ్బు ముదిరినా మంచం అక్కడికి మార్చేవాళ్ళు, తక్కినవాళ్ళ నిద్ర చెడకుండా. ఆ మంచం మళ్ళీ మనిషితో సహా బయటికి రావడం ఎవరూ చూడలేదు. పోయినవాళ్ళకు పటం కట్టించి ఆ గదిలోనే, దక్షిణపు గోడకే తగిలించేవాళ్ళు. అలా తగిలించి తగిలించి గోడ నిండిపోయింది. బతికున్నవాళ్ళ ఫోటో మాత్రం ఒక్కటి కూడా ఆ గదిలో ఉండేది కాదు.

ఉండకూడదు...

ఇదంతా నాకు చెప్పింది ప్రదీప్. ఆ ఇంటి చిన్నకొడుకే. ఇప్పుడు కుప్పంలో, రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్నాడు. నేను అతని దగ్గరికి దెయ్యాల కథ వినడానికి పోలేదు, అసలు అలాంటివి నేను వినను కూడా. మదనపల్లెలో మా ఇంట్లో కింద నాదొక కంప్యూటరు, మేడమీద తమ్ముడిదొకటి, మా అమ్మాయిది ఇంకొకటి. ఫోటోలన్నీ చెల్లాచెదురు. అక్కర్లేని ఫోటో ప్రతి పెట్టెలోనూ ఉంటుంది, కావలసినది ఒక్కదాంట్లోనూ దొరకదు. దీని మీద ఇంట్లో రోజూ రభసే. అన్నీ ఒకే పెట్టెలో పోసి, ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని చూసుకునేట్టు వైర్లు లాగించుకుందామని పోయాను.

ప్రదీప్ ఓపిగ్గా అంతా విన్నాడు. చేస్తాననీ అనలేదు, చెయ్యననీ అనలేదు.

“పెట్టె ఏ గదిలో పెడతారన్నా?” అని అడిగాడు.

“ఏ గదైతే ఏమయ్యా?” అన్నాను. పని చెబితే వాస్తు మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

అతను నావైపు చూడలేదు. లేచి అంగడి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. బయట వాన మొదలైంది. అప్పుడు చెప్పాడు — మొదట్నుంచీ, గొంతు పెద్దది చేయకుండా.

డిజిటల్ కెమెరాలు మన ఊళ్ళకు కొత్తగా వచ్చిన రోజులట. ఉత్తరం ఇంట్లో అతని అన్న గంగాధరం, వదిన కృష్ణవేణి. నడిమింట్లో ప్రదీప్, భార్య తేజస్విని, కూతురు ప్రీతి. తల్లి రమణమ్మ రెండిళ్ళలోనూ ఉండేది. కెమెరా ఒకటే, కంప్యూటర్లు రెండు. పెళ్ళి ఫోటోలు అన్న దగ్గర, పుట్టినరోజు ఫోటోలు తమ్ముడి దగ్గర. “మాకు ఇవ్వలేదు” అని వీళ్ళు, “మీరే తుడిపేశారు” అని వాళ్ళు. మా ఇంటి భాగోతమే.

ప్రదీప్ తన పాత కంప్యూటర్ ఒకటి బయటికి తీశాడు. ఇంటిల్లిపాది ఫోటోలూ దాంట్లోకి ఎక్కించాడు. కానీ ఎక్కడ పెట్టాలి? అన్న ఇంట్లో పెడితే వదినకు అడ్డం, తన ఇంట్లో పెడితే మండీకి పంపే టమోటా బుట్టల మధ్య దుమ్ము. దక్షిణం గది ఖాళీగా, చల్లగా ఉంది. గోడకు చిల్లి కొట్టి రెండిళ్ళకూ వైర్లు లాగాడు. రెండిళ్ళ కంప్యూటర్లలోనూ ఒకే ఫోల్డర్ కనబడేట్టు చేశాడు. ఎవరు ఏ ఫోటో వేసినా అందరికీ కనబడుతుంది... ఎవరు తీసేసినా అందరికీ పోతుంది.

రమణమ్మ గడప బయటే నిలబడి చూసిందట. లోపలికి రాలేదు.

“బతికినోళ్ళ బొమ్మలు ఆ గదిలో యాల పెడతావప్పా?”

“అవి బొమ్మలు కాదుమా, ఫైళ్ళు,” అని నవ్వాడు ప్రదీప్.

ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నా కొంప ముంచిందన్నా, అన్నాడు.

ఆ ఏడాదే వాళ్ళ చిన్నాయన నారాయణస్వామి మంచం పట్టాడు. కాలేయం చెడిపోయింది. దక్షిణం గదిలో కంప్యూటర్ ఉందని ఈసారి మంచం అక్కడికి మార్చలేదు. ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక వింత మొదలైంది. రాత్రి ఆపి పడుకున్న ఉత్తరం ఇంటి కంప్యూటరు తెల్లారేసరికి వెచ్చగా ఉండేది. గంగాధరం భార్యను కేకలేశాడు. ఆమె ఒట్టేసుకుంది. అంతలోనే పాలు పోసే కదిరప్ప ఒక తెల్లవారుజామున క్యాను అక్కడే వదిలేసి పరుగెత్తి వచ్చాడు.

“కిటికీలో నీలం వెలుగు ఉండాది సామీ...” అన్నాడు. “ఆ వెలుగులో ఒక తల. జుట్టు ఇరబోసుకోని. కదలకండా కూసోనుండాది...”

పోయి చూస్తే గదికి తాళం వేసే ఉంది.

నారాయణస్వామి పోయాడు. పటం కట్టించాలని కృష్ణవేణి ఫోటో కోసం వెతికింది. చిన్నాయన, కెమెరా కనబడితే చాలు, ముందుకొచ్చి మీసం దువ్వుకునే మనిషి. అలాంటి మనిషి ఫోటోలు... లేవు. పెళ్ళిలో లేదు, తిరునాళ్ళలో లేదు. ఎక్కడో జనం వెనకాల సగం మొహం కనబడే ఫోటో ఒక్కటి మిగిలింది. దాన్నే పెద్దది చేయించి దక్షిణపు గోడకు తగిలించారు.

“ఎవురో తుడిపేసింటారులే,” అన్నాడు గంగాధరం.

కానీ ఇంట్లో ఆడవాళ్ళు ఆ రోజు నుంచే గుసగుసలాడుకున్నారు. ఆ గది ముందు ఫోటోలు తీసుకుంటుంది... తర్వాత మనిషిని తీసుకుంటుంది. ప్రదీప్ నవ్వి పారేశాడు. ఆ నవ్వు ఎన్నాళ్ళో లేదు.

వానలు పడగానే ప్రీతికి జ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఇచ్చిన మందులకు లొంగలేదు. మదనపల్లెలో ఆసుపత్రికి తీసుకుపోతే డెంగీ అన్నారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయి, ఈ రాత్రి గడవాలి అన్నారు. నాలుగో తరగతి పిల్ల. తేజస్విని మంచం పక్కనే కూర్చుంది. బట్టలూ దుప్పటీ తెమ్మని భర్తను పంపింది. అతనికి కదలాలని లేదు. వెళ్ళక తప్పలేదు.

ఇల్లు చేరేసరికి ఊరంతా నిద్రలో ఉంది. బట్టలు సంచిలో కుక్కాడు. వెంటనే బయల్దేరాల్సినవాడు — ఒక్కసారి బిడ్డ మొహం చూసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆసుపత్రిలో సూదులతో ఉన్న మొహం కాదు, పుట్టినరోజునాడు పట్టుపావడా వేసుకుని నవ్విన మొహం.

పుట్టినరోజు ఫోల్డర్ తెరిచాడు.

ఖాళీ.

బడి ఫోటోల ఫోల్డర్ తెరిచాడు. అదీ ఖాళీ. ఎండాకాలం సెలవుల ఫోల్డర్ తెరిచాడు... అందులో ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

కళ్ళ ముందే ఒక ఫోటో మాయమైంది.

అతను మౌస్ మీద చెయ్యి కూడా వేయలేదు. కాసేపటికి ఇంకొకటి పోయింది. మామిడిచెట్టు కింద ప్రీతి — పోయింది. సైకిల్ మీద ప్రీతి — పోయింది. పక్కన ఉన్న మిగతా పిల్లల ఫోటోలు అలాగే ఉన్నాయి. ప్రీతివి మాత్రమే... ఒక్కొక్కటే... నింపాదిగా పోతున్నాయి.

“నాకు అరుపు రాలేదన్నా,” అన్నాడు ప్రదీప్. “ఆడ ఆసుపత్రిలో కణాలు తగ్గతాండాయి. ఈడ ఫోటోలు తగ్గతాండాయి. రెండూ ఒకటే అనిపించింది నాకు. చదువుకున్నోణ్ణి. అయినా అట్లే అనిపించింది.”

లేచాడు. చెప్పులు వేసుకోలేదు. నడవా గుండా వైరు వెంబడే నడిచాడు, తను లాగిన వైరే. దీపాలు వేద్దామంటే స్విచ్చు చేతికి తగల్లేదు. చివరికి వచ్చేసరికి తలుపు సందులోంచి... నీలం వెలుగు.

తాళం తీసి ఉంది.

తలుపు తోశాడు. దక్షిణపు గోడ మీద పటాలన్నీ ఆ వెలుగులో తేలుతున్నాయి. తాత, అవ్వ, మొన్నటి చిన్నాయన. వాళ్ళ ముందు, తెర వైపు వంగి — ఒక ఆకారం. తెల్లచీర. జుట్టు వీపంతా విరబోసుకుని ఉంది. ఒక చెయ్యి మాత్రం మెల్లగా కదులుతోంది. టిక్... టిక్...

“ఎవురది?” అన్నాడు.

ఆకారం తల తిప్పలేదు.

“తలుపు మూసెయ్ ప్రదీపా,” అంది. “గాలి తగిలితే పటాలు అల్లాడతాయి.”

అది అతని తల్లి గొంతు.

రమణమ్మే. తలస్నానం చేసి, జుట్టు ముడి కూడా వేయకుండా వచ్చి కూర్చుంది. నడుముకు తాళాల గుత్తి ఎప్పుడూ ఉండేదే. ఎవరికీ ఆ గుత్తి గుర్తు రాలేదు. పగలంతా విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూర్చునే ముసలామెకు కంప్యూటర్‌తో పనేమిటని ఎవరనుకుంటారు?

అతనికి కోపం తన్నుకొచ్చింది.

“ఏం చేస్తాండావుమా? బిడ్డ ఆడ సావుబతుకుల్లో ఉంటే... దాని ఫోటోలు తుడిపేస్తాండావా?”

“నోరు మూసుకో. ఆ మాట ఈ గదిలో అనొద్దు,” అంది ఆమె. “తుడిపేయలేదురా. బయటికి తీస్తాండా.”

చూపించింది. ప్రీతి ఎండాకాలంలో అవ్వకు కంప్యూటర్‌లో పేకాట నేర్పింది. మౌస్ పట్టుకోవడం అలా వచ్చింది. తర్వాత ఇదీ నేర్పింది: ఫోటో మీద నొక్కి, పైన కత్తెర బొమ్మ నొక్కి, ఉత్తరం ఇంటి కంప్యూటర్‌లోకి పోయి, అక్కడ అతికించే అట్ట బొమ్మ నొక్కితే ఫోటో ఇక్కణ్ణుంచి లేచి అక్కడికి పోతుంది. అక్షరం ముక్క రాకపోయినా ఆమెకు ఆ మూడు బొమ్మలు చాలాయి. రాత్రిళ్ళు ముందు ఉత్తరం ఇంటి కంప్యూటరు వేసి వచ్చేది, తెల్లారేలోగా పోయి ఆపేది. ఉత్తరం ఇంట్లో గంగాధరం పెట్టుకున్న న్యూ ఫోల్డర్లు పుట్టలు పుట్టలు. వాటిలో ఒకదానిలో అన్నీ భద్రంగా ఉన్నాయి. పట్టుపావడా ప్రీతి ఉంది. మీసం దువ్వుకునే చిన్నాయన కూడా ఉన్నాడు.

“మీ చిన్నాయనవి గూడా తీసినా,” అంది రమణమ్మ. “రేతిరి పూట వచ్చి ఒకటొకటే తీసినా. జనాల ఎనకాల ఉండేది ఒకటి నా కండ్లకు ఆనలేదు. అది ఈడే ఉండిపాయ. దాన్నే ఈ గది పట్టుకునింది.”

అమ్మా, ఇదంతా పిచ్చి అని ప్రదీప్ అనాల్సింది. అతను ఇంటర్నెట్ సెంటర్ నడిపిన మనిషి, పదిమందికి కంప్యూటర్ నేర్పినవాడు.

“జరుగు,” అన్నాడు. “నువ్వు ఒకటొకటే తీస్తే తెల్లారతాది.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రీతి కనబడిన ప్రతి ఫోటోనూ పట్టుకుని గుంపులుగా ఉత్తరం ఇంటికి పంపాడు. మూలమూలలా వెతికాడు. చిన్నాయన విషయంలో జరిగింది మళ్ళీ జరగకూడదు. తల్లి పక్కనే నిలబడి కళ్ళు చిట్లించి ఒక్కో మొహాన్నీ చూస్తోంది.

చివరికి ఒక్కటి మిగిలింది.

అరుగు మీద అవ్వా మనవరాలూ పక్కపక్కన కూర్చున్న ఫోటో. ప్రీతి అవ్వ మణికట్టు పట్టుకుని పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతోంది. రమణమ్మ ఎప్పుడూ కెమెరాకు మొహం చూపించేది కాదు. మనవరాలు బలవంతం చేస్తే ఆ ఒక్కసారి ఒప్పుకుంది.

ప్రదీప్ కత్తెర బొమ్మ మీదికి పోయాడు. తల్లి అతని చెయ్యి పట్టుకుంది.

“ఇద్దర్నీ తీయొద్దు. నడిమికి కొయ్యి.”

“ఏంది?”

“బిడ్డను తీసుకో. నన్ను ఈడ వదిలెయ్.” ఆమె గోడ మీది పటాలను చూస్తూ మెల్లగా అంది. “గదిలో ఏదో ఒకటి ఉండాలప్పా. ఖాళీగా ఉంటే మళ్ళా పిలుస్తాది.”

“నేను కొయ్యనుమా...”

అప్పుడు జేబులో సెల్‌ఫోన్ మోగింది. తేజస్విని.

ఆ వేళప్పుడు ఆసుపత్రి నుంచి ఫోన్ ఎందుకొస్తుంది? అతని వేలు ఫోన్ మీదికి పోలేదు. మోగుతూనే ఉంది. పటాల మధ్య ఆ మోత భయంకరంగా ఉందట.

“ఎత్తొద్దు,” అంది తల్లి. “ముందు ఇది కానియ్... బిరాన!”

కోశాడు. ఇద్దరి మధ్యా ఒక గీత గీసి, ఫోటోను రెండు చేశాడు. అసలుది తుడిపేశాడు. బిడ్డ ముక్కను ఉత్తరానికి పంపాడు. తెర మీద ఫోటో వెళ్తున్నట్టు చూపే పచ్చ పట్టీ నిండి, అది అవతలికి చేరింది. అప్పుడు ఫోన్ ఎత్తాడు.

అవతల తేజస్విని ఏడుస్తోంది.

“జరం దిగిందండీ... లేచి నీళ్ళు అడిగింది. ఆకలంటాంది...”

ప్రదీప్ ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఏదో అందామనుకున్నాను. సెలైన్ ఎక్కిస్తే జ్వరం దిగింది, దానికీ దీనికీ ముడేమిటి అని. నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేశాను.

తెల్లారేలోగా తక్కినవాళ్ళ ఫోటోలు కూడా తీసేశాడు. ఆ పెట్టెలో రమణమ్మ సగం ఫోటో ఒక్కటి మిగిలింది. దాన్ని మాత్రం ఆమె ముట్టనివ్వలేదు. ప్రీతి ఇంటికి వచ్చి తిరగడం మొదలుపెట్టాక, ఒకనాడు రమణమ్మ తన మంచం తనే దక్షిణం గదిలోకి వేయించుకుంది. కొడుకులు ఎంత బతిమాలినా వినలేదు. జబ్బేమీ లేదు. ఒక ఉదయం లేవలేదు, అంతే.

“అంటే మీ అమ్మ బిడ్డకు బదులు...” అన్నాను. “పెద్దావిడ మనసు గొప్పదయ్యా. కథ సుఖంగానే ముగిసింది కదా. మరి ఊరొదిలి కుప్పం ఎందుకొచ్చారు?”

ప్రదీప్ వెనక గది తెర వైపు ఒకసారి చూశాడు.

“మా అమ్మకు ఉండే ఫోటో ఆ సగమే కదన్నా. దాన్నే పెద్దది చేయించి పటం కట్టించినాం. గోడకు తగిలించినాక తేజస్విని దగ్గరికి పొయ్యి చూసింది... చూసి అట్లే కూలబడింది.”

“ఎందుకు?”

“తొందరలో గీత సరిగ్గా పడలేదన్నా. మా అమ్మ మణికట్టు మీద...” అతను తన మణికట్టు పట్టుకుని చూపించాడు. “ప్రీతి రెండు వేళ్ళు ఆడే ఉండిపొయ్యినాయి.”



“దానికేముంది? పటం దించేయండి. పెట్టెలో ఉన్న ఆ వేళ్ళను చెరిపేయొచ్చు కదా. నీకు తెలియని పనా?” అన్నాను.

“చెరిపేయొచ్చు. చిటికెలో పని.” మొట్టమొదటిసారి అతను నా కళ్ళలోకి చూశాడు. “చెరిపేస్తే బిడ్డకు ఏమవుతాదో నువ్వు చెప్పన్నా. చెరిపేస్తా.”



వెనక గది తెర తొలగించుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఏడో తరగతో ఎనిమిదో ఉంటుంది. చురుకైన మొహం, పళ్ళన్నీ కనబడే నవ్వు.

“అమ్మ ఇమ్మనింది,” అంటూ టీ గ్లాసు నాకు అందించింది.

పొగలు కక్కుతున్న టీ. కాలుతుందేమోనని జాగ్రత్తగా చెయ్యి చాపాను. గ్లాసు అందుకోబోయి ఆ పిల్ల వేళ్ళు కూడా కలిపి పట్టుకున్నాను. మూడు వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

రెండు... మంచుగడ్డలు.